డిగ్రీ లేని సైంటిస్ట్, నిజాం రాజ్యంలో పిట్టల లెక్క

మా ఛత్రినాకలో సాయంత్రం డాబా ఎక్కితే రోజూ ఒక సీన్ కనిపిస్తది. పక్క డాబా మీద పావురాలు పెంచే చాచా ఈల వేస్తారు. గుంపు మొత్తం గాల్లో ఒక రౌండ్ కొట్టి దిగుతుంది. నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఆయనకు మాత్రం ఏది దేనికి జోడీయో, ఏది కొత్తదో అంతా తెలుసు. "ఎట్లా చాచా?" అంటే, "రోజూ చూస్తా కదా బేటా" అన్నారు. గంతే! ఇవాళ్టి మన కథ కూడా అలా ఓపిగ్గా చూసిన మనిషిదే. ఆయన పేరు సలీం అలీ.

పుట్టింది 1896లో, బొంబాయిలో. పిట్టలంటే ప్రాణం. కానీ యూనివర్సిటీ డిగ్రీ లేదని సర్కారు జంతుశాస్త్ర సంస్థలో ఉద్యోగం దొరకలేదు. తర్వాత బొంబాయి మ్యూజియంలో ఒక చిన్న పోస్టు దొరికింది. సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి, ఎర్విన్ స్ట్రెస్‌మన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. 1930లో తిరిగొస్తే ఏముంది? నిధులు లేవని ఆ పోస్టే తీసేశారు! బీటెక్ చేసి బెంచ్ మీద కూర్చున్న మనవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు.

అప్పుడు ఆయన, భార్య తెహ్మీనా సముద్రం ఒడ్డున కిహీం అనే ఊళ్లో ఉన్నారు. దగ్గర్లోనే గిజిగాడు గూళ్లు. పని లేదు కాబట్టి చూడడం మొదలుపెట్టారు. ఏం కనిపెట్టారో తెలుసా? మగ గిజిగాడు గూడు సగమే అల్లుతుంది. ఆడపిట్టలు వచ్చి చెక్ చేస్తాయి. ఒకటి ఓకే అంటేనే మిగతా సగం పూర్తి చేస్తుంది. అది గుడ్లు పెట్టగానే, మగది ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్ట కోసం చూస్తుంది. ఆ పరిశీలనే రీసెర్చ్ పేపర్ అయ్యి ఆయనకు పేరు తెచ్చింది.

సరే, మన హైదరాబాద్ ఎక్కడొచ్చింది అంటారా? ఇక్కడే. సంస్థానాల్లో ఏ పిట్టలున్నాయో సరైన లెక్క లేదు. "నాకు జీతం వద్దు, ప్రయాణం ఖర్చులు ఇస్తే చాలు, సర్వే చేస్తా" అని ఆయన ముందుకొచ్చారు. ఆయన చేసిన మొదటి పెద్ద సర్వే మన హైదరాబాద్ రాజ్యానిదే. 1931-32లో, సుమారు 82 వేల చదరపు మైళ్ల రాజ్యంలో, నల్లమలలోని ఫరహాబాద్ నుంచి అటు ఔరంగాబాద్ దాకా ఎన్నో చోట్ల తిరిగారు. తెహ్మీనా కూడా వెంటే ఉన్నారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన తుపాకీ కూడా పట్టుకెళ్లారు. అప్పట్లో పక్షిశాస్త్రమంటే ఎక్కువగా కాల్చడం, చర్మం ఒలిచి దాచడం, పేరు పెట్టడం. ఆయనా అది చేశారు. కానీ అక్కడితో ఆగలేదు. పిట్ట ఎలాంటి చోట ఉంది, ఏం తింటోంది, ఎప్పుడు గూడు పెడుతోంది, ఇవన్నీ రాసుకున్నారు. 1932లో పూలకు, పిట్టలకు మధ్య సంబంధం మీద ఇంకో పేపర్ రాశారు. తేనె తాగడానికి వచ్చిన పిట్ట పుప్పొడి మోస్తుంది, చెట్టుకు కాయ కాస్తుంది. అంటే పిట్ట పోతే చెట్టుకూ నష్టమే.

హైదరాబాద్ సర్వే 1933, 34లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో భాగాలుగా వచ్చింది. దాంట్లో ఇంగ్లండ్ నుంచి హ్యూ విస్లర్ రాసిన నోట్స్ కూడా ఉన్నాయి.

"పాత లిస్టుతో మనకేం పని?" అనుకోకండి. నేను కోడింగ్ చేసే రోజుల్లో ఏదైనా చెడిపోతే ముందు పాత వెర్షన్ తెరిచేవాణ్ణి. అది లేకపోతే ఏం మారిందో తెలీదు. మన అడవులకు, చెరువులకు ఆ సర్వే అలాంటి పాత వెర్షన్. ఒకప్పుడు ఇక్కడ ఫలానా పిట్ట ఉండేదని రాసి ఉంటేనే, ఇప్పుడు లేదని గట్టిగా అడగగలం. రాయకపోతే, అది పోయిందన్న సంగతి కూడా ఎవరికీ తెలీదు.

ఉద్యోగం పోయిన మనిషి, జీతం లేకుండా, మనకోసం ఆ లెక్క రాసి పెట్టి వెళ్లారు. మీ చేతిలో ఇప్పుడు ఫోన్ ఉంది. ఇవాళ డాబా ఎక్కి ఒక్క పది నిమిషాలు చూడండి. తేదీ, చోటు, పిట్ట పేరు నోట్స్‌లో రాయండి. పేరు తెలియకపోతే ఎలా ఉందో రాయండి. కింద కామెంట్‌లో పెడితే అందరం కలిసి గుర్తుపడదాం. మళ్లీ కలుద్దాం!