పెదకళ్లేపల్లి నుంచి పాట ఎటు మళ్లింది

త్యాగరాజు పాట కావేరి ఒడ్డు నుంచి కృష్ణ ఒడ్డుకు వచ్చిన దారుల్లో ఒకటి దివిసీమలోని పెదకళ్లేపల్లి. మోపిదేవికి దగ్గర్లో, దుర్గా నాగేశ్వరస్వామి కొలువున్న ఊరది. త్యాగరాజ శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర నేర్చుకున్న సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ఈ ఊరివారే. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ.

శాస్త్రిగారి ఇంట 1921లో పుట్టిన మనవడికి తాత పేరే పెట్టారు. వయొలిన్ పట్టిన ఆ కుర్రవాడి చెవి కచేరీ దగ్గరే ఆగలేదు. మద్రాసు వెళ్లి సినిమాలకు బాణీలు కట్టాడు. 1955లో ‘సంతానం’ కోసం లతా మంగేష్కర్ చేత తొలిసారి తెలుగు పాట పాడించాడు. 1963లో ‘నర్తనశాల’ వచ్చింది. అందులో బృహన్నల పాటను బాలమురళి చేత పాడించాడు. తాత శిష్యుడి శిష్యుడు మనవడి బాణీ పాడాడు! పరంపర తెగిందని ఎవరనగలరు?

గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాలదీ ఇలాంటి కథే. తండ్రి సూరయ్య తరంగాలు పాడుతుంటే పిల్లవాడు చిందులేసేవాడు. విజయనగరంలో శాస్త్రీయ సంగీతం నేర్చి సినిమాల్లోకి వెళ్లాక, పద్యాన్ని కొత్తగా పాడాడు. నాటకాల్లో పద్యమంటే రాగం సాగాలి, జనం వన్స్‌మోర్ కొట్టాలి. ఆయన రాగాన్ని కుదించి, మాట విరిగిన చోటే ఊపిరి తీసుకున్నాడు, భావం ముందుకొచ్చింది. ఆ పాడే తీరును తర్వాత రంగస్థలం నటులే అనుకరించారు.

పెదకళ్లేపల్లి వేటూరివారిలో ప్రభాకరశాస్త్రి తిరుపతిలో అన్నమయ్య కీర్తనల పరిష్కరణకు పూనుకుంటే, 1936లో పుట్టిన సుందరరామమూర్తి 1977లో ‘అడవిరాముడు’తో హాళ్లలో ఈలలు వేయించాడు. మూడేళ్లకు ‘శంకరాభరణం’ పాటలు రాసిందీ ఆయనే. పాశ్చాత్య సంగీతం మోజులో ఉన్న కుర్రకారుకు శాస్త్రీయ సంగీతం విలువ చెప్పిన ఆ సినిమాకు, కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలసుబ్రహ్మణ్యం జాతీయ అవార్డు అందుకున్నాడు.

ఇప్పుడు పద్యనాటకాల వేదికల మీదికి కీబోర్డు వచ్చింది. శ్రుతి మార్చాలంటే ఒక మీట నొక్కితే చాలు. పద్యం పోతుందని పెద్దలు బెంగపడుతున్నారు. ఆ బెంగ నిజమైనదే. కానీ ఒకప్పుడు హార్మోనియం గురించీ ఇలాంటి మాటే విన్నాం. ఫ్రాన్సులో పుట్టి, ధార్వాడ, పార్శీ నాటకాల కాలంలో తెలుగు రంగస్థలానికి అలవాటైన పెట్టె అది. మన సంగీతానికి సరిపడదని ఆకాశవాణి దాన్ని 1940లో నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. ఆ ముప్పై ఏళ్లూ బందరు, గుడివాడ నాటకాల పందిళ్లలో పద్యానికి శ్రుతి పట్టింది హార్మోనియమే.