చిన్న కెమెరా, పెద్ద కెమెరా: చిత్ర నాణ్యతలో తేడా ఎక్కడ?

ఇంట్లో శుభకార్యం తలపెట్టినప్పుడు ఫొటోల ప్రస్తావన తప్పక వస్తుంది. ఇంట్లో ఉన్న జేబు కెమెరా చాలునా, పెద్ద కెమెరా గల ఫొటోగ్రాఫరును పిలవవలెనా అన్న సందేహం కలుగుతుంది. "మన కెమెరా పన్నెండు మెగాపిక్సెళ్ళది, ఆయనదీ పన్నెండే కదా" అనే వాదన వినిపిస్తుంది. ఆ అంకె నిజమే. అయితే చిత్ర నాణ్యతను ప్రధానంగా నిర్ణయించేది ఆ అంకె కాదు. కెమెరా ఎంత వెలుతురును గ్రహించగలదన్న విషయం.

సెన్సర్ వైశాల్యం

పాత కెమెరాలలో ఫిల్ము చేసిన పనిని డిజిటల్ కెమెరాలో సెన్సర్ చేస్తుంది. సాధారణ జేబు కెమెరా సెన్సర్ పొడవు, వెడల్పులు సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. లెన్సు మార్చుకొనదగిన పెద్ద కెమెరాలలో విరివిగా కనిపించే ఏ.పి.ఎస్.-సి. సెన్సర్ వైశాల్యం సుమారు 370 చదరపు మిల్లీమీటర్లు. వృత్తి ఛాయాగ్రాహకులు ఎక్కువగా వాడే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు. వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. జేబు కెమెరా సెన్సర్‌కు ఇది ముప్ఫై రెట్లు.

వాన కురిసేటప్పుడు వాకిట్లో ఒక చెంబును, ఒక గంగాళాన్ని పక్కపక్కన పెడితే రెండింటిపైనా పడేది ఒకే వాన. నిండే నీరు మాత్రం ఒకటి కాదు. పన్నెండు మెగాపిక్సెళ్ళను చిన్న సెన్సర్‌పై అమర్చితే ఒక్కొక్క బిందువు వెడల్పు ఒకటిన్నర మైక్రాన్లు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌పై ఎనిమిదిన్నర మైక్రాన్లు. వెలుతురు తగ్గినప్పుడు చిన్న సెన్సర్‌కు అందే సంకేతం బలహీనమవుతుంది. దానిని పెంచేందుకు ఐ.ఎస్.ఓ. అంకెను హెచ్చిస్తే చిత్రమంతటా రంగుచుక్కల గరుకు ఏర్పడుతుంది. ఆ గరుకును కెమెరా తనంతట తాను తుడిచివేసినప్పుడు జరీ అంచు, జుట్టు, ముఖ కవళికల వంటి సున్నితమైన వివరాలు కూడా దానితోపాటు మాసిపోతాయి.

తయారీదారులకూ ఇది తెలిసిన సంగతే. 2008లో వచ్చిన కానన్ పవర్‌షాట్ జి10 కెమెరాలో 14.7 మెగాపిక్సెళ్ళు ఉండేవి. 2009లో దాని తరువాత వచ్చిన జి11లో, సెన్సర్ పరిమాణం మార్చకుండానే, వాటిని 10కి తగ్గించారు. మసక వెలుతురులో మెరుగైన చిత్రాలు రావడమే దాని ఉద్దేశం.

మంచి వెలుతురులో

చిన్న కెమెరాను తక్కువ చేసి చూడరాదు. కెనడాకు చెందిన ఛాయాగ్రాహకుడు మైకేల్ రైక్‌మన్ 2008లో ఆ జి10నే, 39 మెగాపిక్సెళ్ళ డిజిటల్ బ్యాక్ తగిలించిన హాసెల్‌బ్లాడ్ కెమెరాతో పోల్చారు. రెండింటితోనూ ఆరుబయటి దృశ్యాలను తీసి, 13 × 19 అంగుళాల ప్రింట్లు వేసి అనుభవజ్ఞులకు చూపగా, ఏది దేనితో తీసినదో వారు నికరంగా చెప్పలేకపోయారు. వెలుతురు చాలినంత ఉండి, కెమెరా కదలక, ఎదుటి వస్తువూ కదలనప్పుడు తేడా అంతగా కుంచించుకుపోతుంది.

ప్రింటు పరిమాణం

అంగుళానికి 300 బిందువుల లెక్కన 4 × 6 అంగుళాల ఫొటోకు రెండు మెగాపిక్సెళ్ళకు కొంచెం పైగా ఉంటే చాలు. 8 × 12 అంగుళాల ప్రింటుకు తొమ్మిది లోపే సరిపోతాయి. కనుక ఆల్బమ్‌లో అంటించే చిత్రాలకు మెగాపిక్సెళ్ళ కొరత దాదాపు ఏ కెమెరాకూ ఉండదు. గోడకు వేలాడదీసే పెద్ద పటం వేయించినప్పుడే లెన్సు పదును, సెన్సర్ గుణం బయటపడతాయి.

ఇతర భేదాలు

పెద్ద కెమెరాకు పనికి తగిన లెన్సు అమర్చుకోవచ్చు. ముఖం స్పష్టంగా ఉండి వెనుక దృశ్యం మసకబారే చిత్రాలు పెద్ద సెన్సర్‌తో సులభంగా వస్తాయి. చిన్న కెమెరాలో దగ్గరివీ దూరానివీ దాదాపు అన్నీ స్పష్టంగా పడతాయి; బంధువులంతా రెండు మూడు వరుసలలో నిలబడిన చిత్రానికి ఇది మేలే. చిన్న కెమెరాలోని ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లకు మించి అంతగా పనిచేయదు. డిజిటల్ జూమ్ అన్నది చిత్రంలో ఒక ముక్కను కత్తిరించి పెద్దది చేయడమే కనుక దానిని లెక్కలోకి తీసుకోరాదు. సాధారణ జేబు కెమెరా భద్రపరచే జెపెగ్ చిత్రంలో ఒక్కొక్క రంగుకు 256 స్థాయిలుంటాయి. పెద్ద కెమెరాల రా ఫైలులో 4,096 లేదా 16,384 స్థాయిలుంటాయి. వెలుగునీడలను తరువాత సరిదిద్దుకొనేందుకు అవకాశం ఎక్కువ.

కెమెరా బయటి ఆకారాన్ని మాత్రమే చూసి నిర్ణయించరాదు. 2012లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 జేబులో పట్టేదే అయినా దాని సెన్సర్ 116 చదరపు మిల్లీమీటర్లది. అదే సంవత్సరం వచ్చిన ఆర్ఎక్స్1లో ఏకంగా ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌నే అమర్చారు. నేడు చాలా ఇళ్ళలో జేబు కెమెరా స్థానాన్ని మొబైల్ ఫోను ఆక్రమించింది. అది వెంటవెంటనే పలు చిత్రాలు తీసి ఒకటిగా కలిపి గరుకును తగ్గిస్తుంది. అయితే చీకటిలో కదిలే మనుషుల విషయంలో ఆ ఉపాయం పూర్తిగా పారదు.

ఏ పనికి ఏది?

పగటి వెలుతురులో పంటచేలు, జాతర ఊరేగింపు, వాకిట్లో పిల్లలు: వీటికి చిన్న కెమెరా చాలు. తెల్లవారుజాము ముహూర్తానికి బల్బుల వెలుతురులో జరిగే మాంగల్యధారణ, తలంబ్రాలు, గర్భగుడిలో దీపారాధన: వీటికి పెద్ద సెన్సర్, వెలుతురును ఎక్కువగా రానిచ్చే లెన్సు అవసరం. తలంబ్రాల వేళ చేతులు క్షణం నిలవవు. చిత్రం చెదిరితే మరొకసారి తీసే వీలుండదు. ఖర్చు పెట్టదలచిన వారు అక్కడ పెట్టడం వివేకం.

సరిహద్దు గ్రామాల కుటుంబాలకు మరొక పని ఉన్నది. తాతల నాటి దస్తావేజులు, ఉత్తరాలు, తెలుగులో వ్రాసుకొన్న లెక్కల పుస్తకాలు ఎన్నో ఇళ్ళలో పెట్టె అడుగున శిథిలమవుతున్నాయి. వీటిని భద్రపరచేందుకు పెద్ద కెమెరా కోసం ఎదురుచూడనక్కరలేదు. పది మెగాపిక్సెళ్ళ చిత్రంలో 3648 × 2736 బిందువులుంటాయి. ఏ4 కాగితమంతటినీ తీసినా అంగుళానికి 300 బిందువులకు తగ్గదు. కాగితాన్ని కిటికీ దగ్గర బల్లపై పరచి, ఫ్లాష్ ఆపి, ఐ.ఎస్.ఓ.ను అన్నిటికన్న తక్కువ అంకె వద్ద ఉంచి, కెమెరాను కాగితానికి సమాంతరంగా స్టాండుపై నిలిపి తీయవలెను. సిరా వెలిసినచోట వెలుతురును పక్కనుంచి ఏటవాలుగా పడనిస్తే కలం గాట్లు తేలికగా కనిపిస్తాయి. తీసిన చిత్రాలను రెండు వేరువేరు చోట్ల దాచవలెను. కాగితం చెదలు పట్టిన తరువాత ఎంత పెద్ద కెమెరా తెచ్చినా ఆ అక్షరాలు తిరిగి రావు.