సూరత్ నగరంలో చిక్కుడు పాదు

రథసప్తమినాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం కట్టడం, చిక్కుడాకుల మీద పరమాన్నం నైవేద్యం పెట్టడం తెలుగు ఇళ్ళలో ఆచారం. ఆ పండుగ వెళ్ళగానే పల్లెల్లో పెరటి పని మొదలవుతుంది. కాపు ఉడిగిన తీగను పందిరి మీదినుంచి లాగివేస్తారు. ఎండిన కాయలు ఒలిచి, గింజలను బూడిదలో కలిపి దాస్తారు. వేప రాల్చిన ఆకును ఊడ్చి పెంటగుంటలో వేస్తారు. తవ్విన మడిలో వేసవి కోసం బీర, సొర, దోస గింజలు పెడతారు. పక్కన తోటకూర చల్లుతారు. ఊడ్చడం, నాటడం వేరువేరు పనులని మన పెద్దలు భావించలేదు. ఊడ్చినది ఎరువు కావాలి. ఖాళీ అయిన చోట మొక్క లేవాలి.

గత మాఘమాసంలో ఉద్యోగరీత్యా సూరత్ వెళ్ళినప్పుడు, మరమగ్గాల కార్మికులు నివసించే లింబాయత్ ప్రాంతంలో ఒక గది ముందు పాత రంగుడబ్బాలో చిక్కుడు పాదు చూశాను. వరంగల్ వైపునుంచి వచ్చిన కుటుంబం అది. పాదు గురించి అడిగితే ఆ ఇల్లాలు, "ఇత్తనం మా ఊరిది సారూ, మన్ను ఈడిది" అన్నది. ఆ మన్ను చరిత్ర ఏమిటన్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

సూరత్ పేరు చెప్పగానే ఓడరేవు, పట్టు, జరీ, వజ్రాలు గుర్తుకు వస్తాయి. కానీ ఒకప్పుడు అది తోటల నగరం కూడా. గుజరాతీలో 'వాడీ' అంటే తోట. 'ఫళియూ' అంటే ఇంటి ముంగిలి. కొన్ని ఇళ్ళు కలిసిన వీధికీ అదే పేరు. ఈ రెండు మాటలూ కలిసిన వాడీ ఫళియా నేటికీ పాత నగరంలో ఒక పేట. 1638లో సూరత్ చేరిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో, ఆంగ్లేయ వర్తకులకు నగరం వెలుపల ఒక తోట ఉండేదని రాశాడు. అదే శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే సూరత్ నుంచి గోల్కొండకు సాగే బాటను వర్ణించాడు. నాడు వజ్రాల కోసం వర్తకులు నడిచిన ఆ దిక్కునుంచే తరువాతి కాలంలో మన పద్మశాలీలు మగ్గం పనికోసం ఎదురు ప్రయాణం చేశారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడిపిందంటే వారి సంఖ్య ఎంతటిదో ఊహించవచ్చు.

సూరత్ వారికీ చిక్కుడు ప్రియమైనదే. వారు దానిని 'పాపడీ' అంటారు. సంక్రాంతి సమయాన, వారి ఉత్తరాయణ పండుగకు, పాపడీ, కంద, చిన్న వంకాయలు కలిపి ఉంధియూ వండుతారు. కుండను తలకిందులుగా ఉంచి మంట పెట్టే పాత పద్ధతినిబట్టి ఆ వంటకానికి ఆ పేరు వచ్చింది. పాపడీలలో కతార్‌గామ్ పాపడీకి ప్రత్యేక ఖ్యాతి. కతార్‌గామ్ అప్పుడు నగరం అంచున ఉన్న ఊరు. నేడు వజ్రాల సానపట్టే కర్మాగారాలతో కిక్కిరిసిన నగరభాగం. 1961లో 3 లక్షలకు లోపున్న సూరత్ జనాభా 1991 నాటికి సుమారు 15 లక్షలకు చేరింది. పొలం పోయి కర్మాగారం వచ్చింది. పెరడు పోయి అద్దెగది వచ్చింది. పాపడీ పేరు మాత్రం మిగిలింది.

1994 సెప్టెంబరులో ప్లేగు వార్త వెలువడినప్పుడు ఎక్కువగా వినిపించిన పేరు వేడ్ రోడ్. అది కతార్‌గామ్‌ను ఆనుకునే ఉన్నది. ఆ ఏడాది భారీ వర్షాలకు, తపతి వరదకు పల్లపు బస్తీలు మునిగి, చెత్త, పశువుల కళేబరాలు పేరుకుపోయాయి. వ్యాధి వార్తతో లక్షలాదిమంది నగరం విడిచి వెళ్ళారు. పెరడు లేకపోవడమే ప్లేగుకు కారణమని చెప్పడం శాస్త్రసమ్మతం కాదు. కానీ పారవేసినదానిని తనలో కలుపుకొనే మట్టి ఇళ్ళమధ్య లేనప్పుడు ఆ భారమంతా వీధి మీద పడుతుంది. వీధిని పట్టించుకొనేవారు లేకపోతే అది తిరిగి ఇంటికే వస్తుంది.

1995 మేలో నగరపాలక కమిషనరుగా బాధ్యతలు చేపట్టిన సూర్యదేవర రామచంద్రరావు ఈ స్థితిని మార్చారు. సూర్యదేవర అన్న ఇంటిపేరే ఆయన తెలుగు మూలాన్ని చెబుతుంది. అధికారులు ప్రతి ఉదయం కార్యాలయం వదిలి వీధుల్లోకి వెళ్ళాలన్నది ఆయన పద్ధతి. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ఒక్కొక్క అధికారికి నిర్ణయాధికారం అప్పగించారు. రాత్రివేళ వీధులు ఊడ్చే ఏర్పాటు జరిగింది. చెత్త వేసినవారికి జరిమానాలు పడ్డాయి. పలుకుబడి కలవారి అక్రమ నిర్మాణాలనూ తొలగించారు. 1996లో ఇంటాక్ సంస్థ చండీగఢ్ తరువాత దేశంలో అత్యంత పరిశుభ్రమైన నగరంగా సూరత్‌ను గుర్తించింది. రావుగారికి 1998లో పద్మశ్రీ లభించింది. ఆ క్రమశిక్షణ వ్యక్తితో ముగిసిపోలేదు. 2006 ఆగస్టు వరదలో నగరంలో అధికభాగం మునిగినా తిరిగి కోలుకున్నది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందౌర్‌తో కలిసి ప్రథమస్థానం పొందింది.

ఇది సామాన్య విజయం కాదు. అయినా ఒక పరిపాలనోద్యోగిగా నాకు ఒక లోటు కనిపిస్తున్నది. ఎంత చెత్త ఎత్తారో మన దస్త్రాలు చెబుతాయి. ఎన్ని పెరళ్ళు పోయాయో చెప్పే గడి వాటిలో ఉండదు. నగరం ఊడ్చినదానిని దూరంగా తరలిస్తుంది. పెరడు దానిని అక్కడే అన్నంగా మారుస్తుంది. నగరపాలక సంస్థలు పెంచే ఉద్యానవనాలు అవసరమైనవే, కాని వాటిలో ఇల్లాలు కూరపాదు పెట్టలేదు. కార్మికుల గృహసముదాయాలకు నమూనాలు గీసేటప్పుడు ప్రతి వరుస ముందూ రెండు మూరల మట్టి వదలడం అసాధ్యమైన పని కాదు. నీటికుళాయికి, మురుగుకాలువకు చోటు చూసినట్టే దానికీ చోటు చూడాలి.

లింబాయత్‌లో నేను చూసిన పాదుకు అప్పటికి కాపు అయిపోవచ్చింది. ఆ ఇల్లాలు ఎండుకాయలు కోసి కొంగులో వేసుకుంటున్నది. తీగ పీకేసి డబ్బాలో తోటకూర చల్లుతానన్నది. గింజలు నాలుగు పొరుగింటి గుజరాతీ ఆవిడకు ఇస్తానని కూడా చెప్పింది. వచ్చే తొలకరికి అవి సూరత్ విత్తనాలే అవుతాయి.