చేనికి తిరిగిరాని భాస్వరం

తాండూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో తొలకరికి విత్తిన కంది డిసెంబర్, జనవరి దాకా చేలోనే ఉంటుంది. వానలు ఆగిపోయాక కూడా పూత, కాత నిలిచేది రెండు కారణాల వల్ల: రేగడి తేమను పట్టి ఉంచుతుంది, కంది వేరు ఆ తేమ కోసం లోతుకు దిగుతుంది. 2022 డిసెంబర్‌లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు పప్పుకు దక్కినా, దాని వెనుక ఉన్నది నేల గుణమే.

రైలు రాక ముందు ఈ చేలల్లో పదార్థం చాలావరకు ఊరి పొలిమేర దాటేది కాదు. కందిలో అంతరపంటగా వేసిన జొన్న ముందు కోతకు వచ్చేది. గింజ ఇంటికి, చొప్ప ఎడ్లకు పోయేవి. కంది పండే లోపు రాలిన ఆకు సాళ్లలోనే కుళ్లి మట్టిలో కలిసేది. కంది కొట్టాక మిగిలిన కట్టె పొయ్యిలోకి, పొట్టు పశువుల తొట్టిలోకి, పేడ పెంటకుప్పకు చేరేవి. కట్టె కాలినప్పుడు నత్రజని పొగతో పోయినా భాస్వరం బూడిదలో మిగులుతుంది. ఆ బూడిద కూడా పెంటకుప్ప మీదికే వెళ్లేది. ఎండాకాలంలో బండ్లకెత్తిన పెంట మళ్లీ చేనికే చేరేది.

ఇలా తిరిగింది పదార్థం మాత్రమే, శక్తి కాదు. ఆకు పట్టిన ఎండలో కొద్ది భాగమే గింజగా, కట్టెగా మారుతుంది. చొప్ప తిన్న ఎద్దు అందులో చాలా భాగాన్ని ఒంటి వేడిగానే వదిలేస్తుంది. మిగిలినదానితో దున్నుతుంది. కాయను తొలిచే శనగపచ్చ పురుగు, ఆ పురుగును ఏరుకునే పిట్ట, ఇలా ప్రతి మెట్టులోనూ శక్తి తరిగిపోతుంది. 1942లో అమెరికా శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్ ఒక చిన్న సరస్సును లెక్కగట్టి ఈ తరుగుదలను చూపించాడు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరేది సుమారు పదో వంతు అన్న స్థూల సూత్రం ఆ పని నుంచి వచ్చిందే. పోయిన శక్తిని మరుసటి రోజు ఎండ పూడుస్తుంది. పోయిన ఖనిజానికి అలాంటి పూడిక లేదు.

నత్రజని విషయంలో మాత్రం కందిది ప్రత్యేక స్థానం. చిక్కుడు జాతి మొక్కల వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలి నుంచి నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయని జర్మనీలో హెల్రీగెల్, విల్ఫార్త్ 1880ల్లో నిరూపించారు. కంది తర్వాత వేసిన పైరు బలంగా వస్తుందన్న సంగతి రైతులకు అంతకు ముందే అనుభవంలో ఉంది. కందిపప్పులో మాంసకృత్తులు 22 శాతం దాకా ఉంటాయి. అంటే క్వింటాలు పప్పుతో సుమారు మూడున్నర కిలోల నత్రజని ఊరు దాటుతుంది. అందులో చాలా భాగం గాలి నుంచి వచ్చిందే కాబట్టి నేలకు నష్టం తక్కువ. అదే క్వింటాలుతో పోయే భాస్వరం సుమారు మూడు వందల గ్రాములు. ఆ కొంచెమూ పూర్తిగా నేల సొత్తు.

ఈ భాస్వరాన్ని దూరం పంపింది రైలు. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం రాజ్యం వేయించిన రైలు మార్గం 1874లో ప్రారంభమైంది. తాండూరు ఆ దారిలోనే ఉంది. కాలక్రమంలో ఇక్కడ పప్పు మిల్లులు వెలిశాయి. ఊరి పంట ఊళ్లోనే ఖర్చయ్యే స్థితి పోయి, పప్పు బస్తాలు నగరాలకు బయలుదేరాయి. లోటు పూడ్చడానికి 20వ శతాబ్దం రెండో సగంలో ఎరువుల బస్తాలు ఎదురు వచ్చాయి. విశాఖపట్నంలో కోరమాండల్ ఎరువుల కర్మాగారం 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. భాస్వరపు ఎరువులకు మూలమైన రాయి మన దేశంలో చాలదు. అందుకే అది ఓడల మీద రావలసిందే.

నేలలో భాస్వరం ఉన్నంత మాత్రాన మొక్కకు అందదు. రేగడిలో సున్నం దాన్ని పట్టేస్తుంది, వికారాబాద్ వైపు ఎర్రనేలల్లో ఇనుము పట్టేస్తుంది. కంది వేరు పిసిడిక్ ఆమ్లాన్ని స్రవించి ఇనుముకు అంటిన భాస్వరాన్ని విడిపించుకుంటుందని 1990లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు వెల్లడించారు. అయితే వేరు చేసేది భాస్వరాన్ని విడిపించడమే, కొత్తగా పుట్టించడం కాదు.

తాండూరు నుంచి తరలిపోయే మరో పదార్థం సున్నపురాయి. అది ప్రాచీన సముద్రపు అడుగున పేరుకున్న కర్బనం. నాపరాయిగా ఇంటి నేలకు పరిస్తే అందులోని కర్బనం అలాగే ఉంటుంది. కరన్‌కోట వంటి చోట్ల సిమెంటు కర్మాగారపు బట్టీలో కాలిస్తే వంద కిలోల శుద్ధ సున్నపురాయి నుంచి 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోతుంది. కోట్ల ఏళ్లు రాతిలో ఉన్నది గంటల్లో బయటపడుతుంది.

హైదరాబాద్ చేరిన పప్పులోని భాస్వరం చాలావరకు మురుగుతో మూసీలో కలుస్తుంది. మూసీ పుట్టింది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లోనే. తాండూరు మీదుగా పడమటికి పోయే కాగ్నా నది మాత్రం వేరే దారిన భీమాలో కలుస్తుంది. అందువల్ల నగరపు మురుగులోని సారం తాండూరు రేగడికి రాదు. నగరానికి దిగువన ఆ నీటితో రైతులు పశువుల మేతకు పారాగడ్డి పెంచుతున్నారు. ఆ గడ్డి పట్టగా మిగిలింది నదితో పాటు వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.