కరవు సీమలో కారు పోషణ: లేపాక్షి ప్రాంతపు ఇంధన వ్యయ చరిత్ర

పదహారవ శతాబ్దపు వీరభద్రాలయానికి ప్రసిద్ధమైన లేపాక్షి, హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరాన, వర్షాభావం వల్ల సేద్యపు ఆదాయం నిలకడగా ఉండని పీఠభూమిలో ఉన్నందున, ఇక్కడ కారు కొనేవారు దాని వెలతోపాటు పోషణ ఖర్చునూ ముందుగా లెక్కించుకోవలసి వస్తుంది.

బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేయనారంభించిన అంబాసిడర్, దశాబ్దాలపాటు దేశమంతటా అద్దెకార్ల వ్యాపారానికి ఆధారమైంది. బరువైన ఆ కారుకు 1980 ప్రాంతంలో డీజిల్ ఇంజను అమరడం పెద్ద మలుపు. గాలిని గట్టిగా అదిమి, అందువల్ల పుట్టిన వేడితోనే ఇంధనాన్ని మండించే ఈ ఇంజను, పెట్రోలు ఇంజనుకన్నా తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం నడవడమే కాక, ప్రభుత్వ నియంత్రణ వల్ల చౌకగా దొరికే డీజిల్‌ను వాడుకునేది.

ధరల నియంత్రణ పెట్రోలుపై 2010 జూన్‌లో, డీజిల్‌పై 2014 అక్టోబరులో తొలగింది. 2014లోనే అంబాసిడర్ ఉత్పత్తి కూడా ఆగింది. పదిహేనేళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 2019లో పెనుకొండ సమీపాన కియా కర్మాగారం కొత్త కార్ల తయారీ మొదలుపెట్టిన ఈ ప్రాంతంలో, పాత కారును మరమ్మతులతో కాపాడుకునే కుటుంబాల పొదుపు కూడా రవాణా చరిత్రలో గౌరవంగా నమోదు కావలసిన అధ్యాయమే.