ఆద్యంత జాప్యం, సేవా నాణ్యతల అంచనా

ఒక కంప్యూటర్ పంపిన ప్యాకెట్ నెట్‌వర్క్ దాటి అవతలి కంప్యూటర్‌ను చేరడానికి పట్టే మొత్తం సమయాన్ని ఆద్యంత జాప్యం లేదా ఎండ్-టు-ఎండ్ డిలే అంటారు. ఈ జాప్యం, దాని హెచ్చుతగ్గులు (జిట్టర్), దారిలో పోయే ప్యాకెట్ల శాతం, అందే వేగం: ఈ నాలుగూ కలిసి సేవా నాణ్యతను నిర్ణయిస్తాయి.

జాప్యంలోని భాగాలు

ప్రతి రౌటర్ దగ్గర నాలుగు రకాల ఆలస్యం జరుగుతుంది. ప్యాకెట్ చిరునామా చూసి దారి తేల్చడం ప్రాసెసింగ్ జాప్యం. ముందున్న ప్యాకెట్లు కదిలేదాకా ఆగడం క్యూ జాప్యం. బిట్లన్నిటినీ లింకులోకి ఎక్కించడం ప్రసార జాప్యం. తీగలో సంకేతం ప్రయాణించడం ప్రయాణ జాప్యం. వీటిలో క్యూ జాప్యమే క్షణక్షణానికీ మారుతుంది. అందుకే అంచనా వేయడం కష్టమయ్యేదీ అదే.

నారాయణఖేడ్–హైదరాబాద్ లెక్క

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్‌కు 120 కి.మీ. ఫైబర్ దారి ఉందనుకుందాం. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. వెళ్తుంది కాబట్టి ప్రయాణ జాప్యం 0.6 మిల్లీసెకన్లే. ఊరి నుంచి బయటికి వెళ్లే లింకు 10 మెగాబిట్లదైతే, 1,500 బైట్ల ప్యాకెట్‌ను ఎక్కించడానికి 1.2 మిల్లీసెకన్లు పడుతుంది.

ఇక క్యూ సంగతి. ప్యాకెట్లు యాదృచ్ఛికంగా వస్తాయనుకునే ఎం/ఎం/1 నమూనాలో, క్యూ, ప్రసారం కలిపిన సగటు జాప్యం ప్రసార సమయాన్ని లింకులో ఖాళీగా ఉన్న వంతుతో భాగిస్తే వస్తుంది. లింకు 50 శాతం నిండితే 2.4 మిల్లీసెకన్లు, 90 శాతం నిండితే 12, 95 శాతానికి 24. అంటే రద్దీ వేళ ఆలస్యానికి కారణం హైదరాబాద్ దూరం కాదు, నిండిపోయిన లింకు. అసలు ట్రాఫిక్ గుంపులు గుంపులుగా వస్తుంది కనుక నిజమైన జాప్యం ఈ అంకెల కంటే ఎక్కువే ఉండవచ్చు.

చుట్టుదారి కూడా భారమే. హైదరాబాద్‌లోని సర్వర్‌కు వెళ్లాల్సిన ప్యాకెట్ ముంబయి దాకా వెళ్లి తిరిగొస్తే ఒకవైపు జాప్యం దాదాపు 7 మిల్లీసెకన్లు పెరుగుతుంది. దేశీయ ట్రాఫిక్‌ను దేశంలోనే మార్చుకోవడానికి 2003లో ఏర్పడిన నిక్సీకి హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది.

కొలిచే పద్ధతులు

1983లో మైక్ ముస్ రాసిన పింగ్ రానూపోనూ సమయాన్ని చూపుతుంది. పోయే దారి, వచ్చే దారి వేరైతే అందులో సగం ఒకవైపు జాప్యం కాదు. దాన్ని నేరుగా కొలవాలంటే రెండు చివర్ల గడియారాలూ కలవాలి. అందుకు 2006లో ఓవాంప్ ప్రమాణం వచ్చింది. ఇంటర్నెట్ రవాణా నియమావళి టీసీపీ తన పాత అంచనాలో ఎనిమిదింట ఏడు వంతులు, కొత్త కొలతలో ఒక వంతు కలుపుతూ రానూపోనూ సమయాన్ని సరిచేసుకుంటుంది.

సగటు ఒక్కటే చాలదు. నూటికి అయిదు ప్యాకెట్లు బాగా ఆలస్యమైనా ఫోన్ మాట తెగుతుంది. కాబట్టి 95వ, 99వ పర్సంటైల్ విలువలు కూడా చూస్తారు.

సేవా నాణ్యత

అంతర్జాతీయ టెలికాం సంఘం (ఐటీయూ) జీ.114 సిఫార్సు ప్రకారం ఒకవైపు జాప్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే చాలా సంభాషణలు సాఫీగా సాగుతాయి. 400 దాటకూడదు. భూస్థిర ఉపగ్రహం మీదుగా మాట్లాడితే 35,786 కి.మీ. ఎత్తు ఎక్కి దిగడానికే దాదాపు 240 మిల్లీసెకన్లు పోతాయి. జాప్యం, ప్యాకెట్ల నష్టం వంటి లోపాలను కలిపి మాట నాణ్యతను ఒకే అంకెగా అంచనా వేసేది జీ.107లోని ఈ-మోడల్. భారతదేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనలు జాప్యం (లేటెన్సీ), జిట్టర్, ప్యాకెట్ నష్టాలను సేవా ప్రమాణాల్లో చేర్చాయి.

మెరుగుపరిచే మార్గాలు

1998 నాటి డిఫ్‌సర్వ్ పద్ధతి ఫోన్ మాటల వంటి ప్యాకెట్లను ముందు పంపుతుంది. క్యూ అతిగా పెరగకుండా చూసే కోడెల్ 2012లో వచ్చింది. ఇవి ఉన్న సామర్థ్యాన్ని సర్దుతాయే తప్ప పెంచవు. పెంచేది ఫైబర్. తెలంగాణలో మిషన్ భగీరథ పైపులైన్ల వెంట ఫైబర్ వేసే టీ-ఫైబర్, దేశవ్యాప్తంగా భారత్‌నెట్ ఆ కోవలోవి. పై లెక్కలో 90 శాతం నిండిన 10 మెగాబిట్ల లింకును 100 మెగాబిట్లకు పెంచి ట్రాఫిక్ అంతే ఉంచితే, ఆ లింకు దగ్గర 12 మిల్లీసెకన్ల జాప్యం సుమారు 0.13కు దిగుతుంది. ప్రయాణ జాప్యం మాత్రం 0.6 దగ్గరే ఉంటుంది.