వాల్వు లేకుండా వాల్వు మోత: ఇంట్లో చేసుకునే గిటారు ఓవర్‌డ్రైవ్ పెడల్

ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళలో ట్యూబు యాంప్లిఫయరు కావాలన్న కోరిక ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. పెద్ద ట్యూబు యాంప్లిఫయరు అసలు రుచి తెలియాలంటే వాల్యూం బాగా పెంచాలి, అపార్టుమెంటు గోడలు అందుకు ఒప్పుకోవు. పోనీ మనమే తయారుచేద్దామంటే లోపల 400 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి ప్రాణం తీయగలదు. అందుకే మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పేది 9 వోల్టుల పెడల్. టంకం పెట్టడం వచ్చినవారికి ఇది కొన్ని సాయంత్రాల పని.

వెనకటి వాల్వు రేడియోలు గుర్తున్నాయా? స్విచ్చి వేశాక లోపల ఎర్రగా వేడెక్కేదాకా పాట వచ్చేది కాదు. గిటారు యాంప్లిఫయర్లలో వాడే 12ఏఎక్స్7 కూడా ఆ జాతిదే. ఒక్క గాజుబుడ్డిలో రెండు ట్రయోడ్లుంటాయి. శక్తికి మించిన సిగ్నల్ వస్తే ట్రయోడ్ తరంగం తలని కత్తితో నరికినట్టు నరకదు, మెల్లగా వంచుతుంది. అదీ పైనా కిందా సమానంగా వంచదు. మన చెవికి నిండుగా, వెచ్చగా వినిపించేది ఆ వంపే. హై గెయిన్ యాంప్లిఫయర్లలో ఇలాంటి అంచెలు మూడు నాలుగు వరసగా ఉంటాయి.

పెడల్‌లో ఒక్కో ట్రయోడ్ స్థానంలో ఒక్కో జేఫెట్ ట్రాన్సిస్టరు పెడతాం. గ్రిడ్ బదులు గేట్, కాథోడ్ బదులు సోర్స్, ప్లేట్ బదులు డ్రెయిన్. మీసా బూగీ డ్యుయల్ రెక్టిఫయర్‌ని అనుకరించే 'డాక్టర్ బూగీ' అనే సర్క్యూట్ ఈ పద్ధతిలోదే. భయపడేవారు ఒకే అంచె ఉన్న 'ఫెట్జర్ వాల్వ్'తో మొదలుపెట్టవచ్చు.

అందరూ వాడే జేఫెట్ జె201. చిక్కల్లా ఇక్కడే. దీని కటాఫ్ వోల్టేజి 0.3 నుంచి 1.5 దాకా ఎంతైనా ఉండవచ్చు. అంటే ఒకే పేరున్న రెండు ముక్కల మధ్య ఐదు రెట్లు తేడా! ఒకరికి పనిచేసిన రెసిస్టరు విలువ మీకు పనిచేయదు. అందుకని ప్రతి డ్రెయిన్‌కీ 100 కిలో ఓముల ట్రిమ్‌పాట్ పెట్టి, మల్టీమీటరు నల్ల తీగ గ్రౌండ్‌కీ ఎర్ర తీగ డ్రెయిన్‌కీ ఆనించి, 4.5 - 5 వోల్టులు వచ్చేదాకా తిప్పండి. చివరి సర్దుబాటు మాత్రం చెవితోనే.

కాళ్ళున్న పాత తరహా జె201 తయారీ చాలావరకు ఆగిపోయింది కాబట్టి నకిలీలు ఎక్కువ. గేట్, సోర్స్ రెండూ కలిపి నెగెటివ్‌కి, డ్రెయిన్‌ని మిల్లీయాంపు మీటరు గుండా 9 వోల్టులకి కలపండి. 0.2 నుంచి 1 మిల్లీయాంపు మధ్య చూపించాలి. ఐదారు చూపిస్తే అది జె201 కాదు. బోర్డు మీద అతికించే చిన్న రకం, దాన్ని బిగించే అడాప్టరు ముక్క కొనుక్కోవడం నయం.

ఇక అసలు కిటుకు అంచెల మధ్య ఉంది. గెయిన్ ఎక్కువైనకొద్దీ మంద్ర స్వరాలు బురదలా కలిసిపోతాయి. గిటారు లావు తీగ 82 హెర్ట్జ్. అంచెల మధ్య 2.2 నానోఫారడ్ కెపాసిటరు, 1 మెగా ఓము ఉంటే సుమారు 72 హెర్ట్జ్ కింద కోత పడుతుంది. అదే 1 నానోఫారడ్ అయితే 160 దగ్గర. బిగుతైన మెటల్ మోత కావాలంటే రెండోది, బ్లూస్ వాయించేవారికి మొదటిది. ప్రతి అంచె తర్వాతా రెండు 470 కిలో ఓముల రెసిస్టర్లతో సిగ్నల్‌ని సగానికి తగ్గిస్తారు. పెంచి పెంచి మళ్ళీ తగ్గించడమేమిటని అనిపిస్తుంది గానీ, అలా చేయకపోతే ఈగల గుంపు రొద తప్ప స్వరం మిగలదు. 1987లో వచ్చిన సోల్డానో ఎస్.ఎల్.ఓ.-100లో ఒక ట్రయోడ్ కాథోడ్ దగ్గర 39 కిలో ఓములు పెట్టి, దాన్ని దాదాపు మూతపడే స్థితిలో నడిపారు. తరంగం ఒక పక్క ముందే తెగుతుంది. పెడల్‌లో మూడో అంచె సోర్స్ దగ్గర 10 కిలో ఓములు పెట్టి చూడండి, ఆ గరుకుదనం తెలుస్తుంది.

టోన్ నాబుల ముందు ఒక జేఫెట్‌ని సోర్స్ ఫాలోయర్‌గా పెట్టడం మంచిది. లేకపోతే అవి సిగ్నల్‌ని మింగేస్తాయి.

పెడల్ కీచుమంటోందా? ఇన్‌పుట్ తీగ, అవుట్‌పుట్ తీగ పక్కపక్కన నడుస్తున్నాయేమో చూడండి. ఇన్‌పుట్‌కి షీల్డ్ ఉన్న తీగే వాడి, అల్యూమినియం పెట్టెని గ్రౌండ్‌కి కలపాలి. ప్లాస్టిక్ డబ్బా వద్దు. అడాప్టరు వాడేవారు సప్లై దారిలో 100 ఓములు, అక్కడినుంచి గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే హమ్ తగ్గుతుంది.

ఇంత చేసినా పవర్ ట్యూబులు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చే బరువు దీంతో రాదు. ఇంకో సంగతి, గిటారు స్పీకరు 5 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని చాలావరకు వదిలేస్తుంది. పెడల్‌ని తిన్నగా హెడ్‌ఫోన్‌కో మిక్సర్‌కో కలిపితే ఆ పై ధ్వనులన్నీ రంపం కోతలా వినిపిస్తాయి. రాత్రిపూట పొరుగువారికి వినపడకుండా వాయించాలనుకునేవారు చివర స్పీకరు సిమ్యులేటరు కూడా కలుపుకోవాలి. మొదటిసారి స్విచ్చి వేసేటప్పుడు వాల్యూం నాబు సున్నా మీద ఉంచండి.